డోర్ సంగతి చూడకుంట స్పీకర్లు మార్చితే పైసలు దండగ: కంపెనీ స్టీరియో ఉన్న కారుల మంచి సౌండ్ తెచ్చుకునుడు ఎట్ల

మొన్న సాయంత్రం నయీంనగర్ సిగ్నల్ కాడ ఆగిన. పక్కపొంటి ఓ బండొచ్చి ఆగింది, అద్దాలన్నీ ఎక్కించే ఉన్నయి గని డిక్కీ మాత్రం దబ్బు దబ్బుమని అదురుతంది, వెనుక నంబర్ ప్లేట్ గజ్జెలు కట్టినట్టు గలగలమంటంది, పాడేటాయన ఏం పాడుతుండో ఒక్క ముక్క సమజ్ కాలె. ఆ తమ్ముడు తక్కువల తక్కువ ఓ ముప్పై వేలన్న పెట్టుంటడు. నవ్వొచ్చింది గని నవ్వలె, ఎందుకంటే రెండేండ్ల కింద నేను గూడ గదే తొవ్వల పోయొచ్చినోన్నే.

నాది సెకండ్ హ్యాండ్ల కొన్న పాత స్విఫ్ట్ డీజిల్. ఇల్లు హన్మకొండల, పని కరీంనగర్ల, వారానికి రెండు మూడు సార్లు హుజూరాబాద్ మీదికెళ్లి పోవుడు రావుడు. డీజిల్ ఇంజన్ గురగుర ఒకదిక్కు, టైర్ల మోత ఒకదిక్కు, ఆ మీదికెళ్లి కంపెనీ స్పీకర్లు, పాట వింటుంటే బిస్కెట్ డబ్బల కూసొని ఎవరో పాడుతున్నట్టుండేది. ఓ డెకార్ షాపుకు పోయి అన్నా జెర మంచిగ సౌండ్ రావాలె అంటే ఆయన డిక్కీల ఒక పెద్ద బేస్ ట్యూబు (గొట్టం తీరుండే బేస్ స్పీకర్), డోర్లకు నాలుగు కొత్త స్పీకర్లు పెట్టి పంపిచ్చిండు. వారం దినాలు సంబురమైంది, తర్వాత తలకాయ నొప్పి మొదలైంది, అద్దాలు దించితే తప్ప వినబుద్ధి కాలె. ఆఖరికి ఆ ట్యూబు అమ్ముకొని, డోర్ కాడికెళ్లి మళ్ల మొదలువెట్టి సొంతంగ చేసుకున్న. ఆదివారాలు ఓ నాలుగైదు పోయినయి గని ఇప్పుడు కరీంనగర్ దాక ఆపకుంట వింటా పోతున్న. కింద రాసేదంత ఆ రెండోసారి సంగతే.

అసలు ముచ్చట ఒక్కటే, ఇది బుర్రకెక్కితే మిగతాదంత అల్కగ అయితది. ఇంట్ల ఉండే స్పీకర్‌ను చూడుండ్రి, దాని సుట్టు గట్టి చెక్క డబ్బ ఉంటది, అన్ని దిక్కుల మూసి. కారుల ఆ డబ్బ ఎవరంటే డోరే. పల్చటి రేకు, దాంట్ల అద్దం దిగే జాగ, మోటర్ రిపేర్ కోసం పెట్టిన చేతులు దూరేంత బొక్కలు, వాటి మీద ఒక ప్లాస్టిక్ కవర్. గంత పనికిరాని డబ్బల ఐదు వేల స్పీకర్ పెట్టినా, యాభై వేల స్పీకర్ పెట్టినా అది పాడలేదు. అందుకే షాపులోల్లు చెప్పే వరుస, అంటే ముందు బేస్, తర్వాత ఆంప్ (స్టీరియో సిగ్నల్‌కు బలమిచ్చి స్పీకర్లకు పంపే డబ్బ), తర్వాత స్పీకర్లు, దాన్ని తిరగేసుకోవాలె. ముందుగాల పాట, తర్వాత డోర్, తర్వాత ముందటి స్పీకర్లు, ఆ తర్వాత అవసరమైతేనే ఆంప్, అన్నిటికంటే లాస్ట్ బేస్.

పాట సంగతి తొందరగ జెప్పేస్త, దీనికి రూపాయి ఖర్చు లేదు. వాట్సాప్ల దోస్తు పంపిన పాట, ఎక్కడ్నో ఫ్రీగ దించుకున్న ఎంపీత్రీ, ఇవి ముందే నలిగి నలిగి ఉన్నయి, మంచి స్పీకర్ల మీద వాటి మురికి ఇంకా మంచిగ కనవడ్తది. యాప్ల సెట్టింగ్స్‌ల పోయి క్వాలిటీ పైకి పెట్టుండ్రి, 320 కేబీపీఎస్ దొరికితే అది, డౌన్‌లోడ్ చేసుకొని వినుడు ఇంకా మేలు, ఎందుకంటే పల్లెల పొంటి సిగ్నల్ పడిపోయినప్పుడల్ల యాప్ దానంతట అదే క్వాలిటీ తగ్గిస్తది. బ్లూటూత్ పాటను ఇంకోసారి కుదిస్తది, యూఎస్‌బీ వైర్ పెట్టి వింటే ఆ గొడవ లేదు. ఇగ స్టీరియోల బేస్ ఫుల్, ట్రెబుల్ ఫుల్, లౌడ్‌నెస్ ఆన్ పెట్టి ఉన్నోళ్లు అన్నీ సున్నాకు తెచ్చుకొని ఒక వారం వినుండ్రి. చప్పగ అనిపిస్తది మొదట్ల. అదే మీ సిస్టం అసలు మొఖం, అక్కడికెళ్లే లెక్క మొదలు.

వాట్స్ ముచ్చట గూడ ఇప్పుడే మాట్లాడుకుందాం. స్టీరియో డబ్బ మీద 50 ఇంటూ 4 అని పెద్దగ రాసుంటది, రెండు వందల వాట్స్ అని మనం మురుస్తం. కారుల కరెంట్ 12 వోల్టులు, ఇంజన్ నడుస్తుంటే 14 చిల్లర. గా వోల్టేజ్‌తోని 4 ఓమ్‌ల (కరెంట్‌కు స్పీకర్ పెట్టే అడ్డును ఓమ్‌లల్ల కొలుస్తరు) స్పీకర్‌కు ఏ నష్టం లేకుంట లెక్క గట్టినా 26 వాట్స్ కంటే ఎక్కువ రాదు, లోపల వోల్టేజ్ పెంచే సర్క్యూట్ లేని మామూలు స్టీరియో ఏదైనా సరే, నిజంగ వచ్చేది 15 నుంచి 20 దాక ఉంటది. మరి 50 ఎక్కడికెళ్లి వచ్చిందంటే అది పీక్, అంటే కన్ను మూసి తెరిచేంతల వచ్చిపోయేది. డబ్బ మీద ఆర్ఎంఎస్ (ఆగకుంట ఇయ్యగల అసలు పవర్) అని రాసిన అంకె ఒక్కటే చూడాలె, మిగతాదంత జాతరల బుడ్డపిల్లలకు అమ్మే బుగ్గల లెక్క, గాలే. ఇంకోటి, చానా కంపెనీ స్టీరియోలు వాల్యూమ్ పెంచుతున్నకొద్ది బేస్‌ను అవే తగ్గించుకుంటయి, సస్తా కాగితం స్పీకర్లు చినగొద్దని కంపెనీవాళ్లు పెట్టిన తాళం అది. కాబట్టి కొత్త స్పీకర్లు పెట్టినంక గూడ పెద్ద వాల్యూమ్ల బేస్ పల్చవడితే స్పీకర్‌ను తిట్టకుండ్రి.

ఇగ డోర్. ఇక్కడ జెర నిదానంగ పోదాం.

పండుగకు కుండ కొనేటప్పుడు మా అమ్మ యేలితోని కొట్టి చూస్తది, కంగుమంటే ఒక లెక్క, దబ్బుమంటే ఒక లెక్క. మీ కారు డోర్‌ను గూడ గట్లనే బయటికెళ్లి నడుమ కొట్టి చూడుండ్రి. టంగ్ అని మోగితే, స్పీకర్ మోగినప్పుడల్ల ఆ రేకు గూడ తన పాట తాను పాడుతదన్నట్టు. మనం చేసేది ఆ మోగుడును ఆపుడు. దానికి వాడేది డ్యాంపింగ్ షీట్, రెండు మిల్లీమీటర్ల మందం ఉన్న బ్యుటైల్ రబ్బరు, మీద అల్యూమినియం రేకు. సస్తాల తారు షీట్లు గూడ అమ్ముతరు, రూఫ్ లీకేజీకి వేస్తరు చూడు గవి, వాటి జోలికి పోకుండ్రి, మన దగ్గర మే నెల ఎండల బండి బయట నిలవెట్టినమంటే ఆ తారు మెత్తవడి జారుతది, లోపల రోడ్డేసిన వాసన నెలలకొద్ది పోదు. బ్యుటైల్ కొంచెం పిరమే, ముందటి రెండు డోర్లకు నాకు మూడున్నర వేల దాక అయింది, అన్నిట్లకంటే మంచిగ ఖర్చయిన పైసలు గవే.

పని మొదలువెట్టే ముందు బ్యాటరీ మైనస్ వైర్ తీయాలె, 10 నంబర్ పానా సరిపోతది. కొన్ని బండ్లల్ల బ్యాటరీ తీసి పెడితే స్టీరియో కోడ్ అడుగుతది, ఆ కోడ్ బండి కాయితాలల్ల ఉందో లేదో ముందే చూసుకోండ్రి, తర్వాత షోరూం సుట్టు తిరుగుడైతది. డోర్ ప్యాడ్‌కు, అంటే డోర్ లోపలి దిక్కు కప్పిన ప్లాస్టిక్‌కు, స్క్రూలు దాసిపెట్టి ఉంటయి, తలుపు తెరిచే హ్యాండిల్ కప్పు లోపల ఒకటి, చెయ్యి పెట్టుకునే కాడ చిన్న మూత కింద ఒకటి, ఒక్కో బండికి ఒక్కో తీరు, మీ మోడల్ పేరు కొట్టి వీడియో చూసుకుంటే దొరుకుతయి. స్క్రూలన్నీ తీసినంక కింది అంచుకెళ్లి ప్లాస్టిక్ టూల్ పెట్టి ఎత్తితే క్లిప్పులు టక్ టక్ అని ఊడుతయి, ఇనుప స్క్రూడ్రైవర్ పెట్టిన్రో పెయింట్ గీసుకపోతది. క్లిప్పులు రెండు మూడు ఖచ్చితంగ ఇరుగుతయి, ముందే ఓ పది కొని జేబుల వేసుకోండ్రి. ప్యాడ్ ఊడంగనే గుంజకుండ్రి, వెనుక అద్దాల స్విచ్ వైరు, లాక్ కేబుల్ పట్టుకొని ఉంటయి.

లోపల కనవడేది ప్లాస్టిక్ షీటు, నల్లటి జిగురుతోని అతికించి ఉంటది. ఆ జిగురు బట్టలకంటితే పోదు, నా నీలం చొక్కా ఒకటి ఇప్పటికీ బండి తుడుసుడుకే పనికొస్తంది. షీటు మెల్లగ తీసినంక బొక్కలల్లకెళ్లి చెయ్యి పెట్టి బయటి రేకు లోపలి దిక్కును థిన్నర్ బట్టతోని తుడవాలె, దుమ్ము ఉంటే షీటు నిలవదు. ఇక్కడ చేతులకు గ్లౌజులు వేసుకోండ్రి, నేను వేసుకోలె, రేకు అంచు గీసుకొని రెండు యేళ్లు తెగినయి, ఆ అల్యూమినియం ఫాయిల్ గూడ బ్లేడు లెక్కనే ఉంటది. షీటును చిన్న ముక్కలుగ కోసి నడుమ వెడల్పు జాగల అతికించి రోలర్‌తోని ఒత్తాలె, ఫాయిల్ మీద ఉండే గళ్ల డిజైన్ సాపైనదాక ఒత్తుడే. అంగుళం వదలకుంట నింపాల్సిన పని లేదు, మోగే జాగ, స్పీకర్ వెనుక జాగ అతికితే సాలు, బరువు ఊకె పెంచుకోవద్దు. డోర్ అడుగున నీళ్లు పోయే సన్న బొక్కలుంటయి, వాటిని మాత్రం అస్సలు మూయకుండ్రి. వానకాలంల అద్దం పక్కపొంటి దిగిన నీళ్లు గక్కడికెళ్లే పోతయి, మూస్తే డోర్ల చెరువైతది, ఆరు నెలల్ల తుప్పు.

తర్వాత లోపలి రేకు మీదున్న పెద్ద బొక్కలు. షాపులోల్లు నూటికి తొంబై మంది దీన్నే వదిలేస్తరు. స్పీకర్ ముందటికి ఎంత గాలి తోస్తదో వెనుకకు గూడ అంతే తోస్తది, తిరగేసి. ఆ వెనుక గాలి బొక్కలల్లకెళ్లి బయటికొచ్చి ముందటి గాలితోని కలిసిందంటే రెండూ కొట్టుకొని బేస్ మాయమైతది, ఎగేసిన కాయిన్‌ను గాల్లనే పట్టుకున్నట్టు. కాబట్టి బొక్కలన్నీ మూయాలె. చిన్నవాటికి డ్యాంపింగ్ షీటే సాలు, పెద్దవాటికి షీటు ఒక్కటే వేస్తే అది గూడ పొట్ట లెక్క ఊగుతది. నేనేం జేసిన్నంటే షాపుల బోర్డులకు వాడే ఏసీపీ షీటు ముక్కలు ఒక బోర్డు వర్క్ అన్న దగ్గర తెచ్చుకున్న, బొక్క సైజుకు కత్తిరించి, అంచు పొంటి బ్యుటైల్ పెట్టి, మీద మళ్ల డ్యాంపింగ్ షీటు. రేపు అద్దం మోటర్ పోతే తీయాల్సి వస్తది, గది మనసుల పెట్టుకొని చేయుండ్రి, లాక్ రాడ్డులు, వైర్ల క్లిప్పులు షీటు కింద ఇరుక్కోకుంట చూసుకోండ్రి. ప్యాడ్ పెట్టకముందే అద్దం నాలుగుసార్లు ఎక్కించి దించి చూడాలె, డోర్ లాక్ వేసి తీసి చూడాలె.

ఇదంత అయినంక, స్పీకర్ పాతదే ఉన్నా సరే, డోర్ మూసి చూడుండ్రి. టప్పుమనే సప్పుడు పోయి పెద్ద బండి డోర్ మూసినట్టు దబ్ అంటది. పాట పెట్టి చూడుండ్రి. నేను ఒకదిక్కు డోర్ చేసి ఇంకోదిక్కు చేయకుంట బ్యాలెన్స్ ఎడమకు కుడికి తిప్పుకుంట విన్న, గంత తేడా ఉంటదని అనుకోలె. మా తమ్ముడైతే ఒకదిక్కు స్పీకర్ కొత్తది వేసినవా అన్నడు.

వినేటప్పుడు టెస్టుకు నేను డప్పు పెడ్త. బతుకమ్మకు, బోనాలకు, పెండ్లి బారాత్‌కు చిన్నప్పటికెళ్లి పక్కన నిలవడి విన్న సప్పుడది, అసలు డప్పు ఎట్లుంటదో చెవికి ఎర్క, స్టీరియో మోసం చేయలేదు. మంట కాడ కాకవెట్టి తోలు బిగిసిన డప్పుకు రెండు సప్పుళ్లుంటయి, పుల్ల తగిలినప్పుడు చటుక్కుమనేది ఒకటి, దాని ఎంట తోలు గుంయ్ మనేది ఒకటి. మంచి సిస్టం మీద పుల్ల సప్పుడు, తోలు సప్పుడు యేరు యేరు వినవడ్తయి, ఒకటి ఆగినంకనే ఇంకోటి. పాడు సిస్టం మీద అంత కలిసి బకెట్ మీద కొట్టినట్టుంటది. మీరు ఏది బాగ ఎర్కనో గది పెట్టుకోండ్రి, వీణ అయితే వీణ, షెహనాయి అయితే షెహనాయి, గని బయట నిజంగ విన్నదై ఉండాలె, కంప్యూటర్ల పుట్టిన డీజే బీట్ తోని టెస్టు చేస్తే ఏం తెల్వదు.

ఇప్పుడు స్పీకర్లు కొందాం. ముందటి రెండు డోర్లకే పైసలు పెట్టుండ్రి, వెనుకటివి కంపెనీవే ఉండనీయుండ్రి, పాట మన ముందటికెళ్లి రావాలె గని వీపు ఎనుకకెళ్లి కాదు, ఫంక్షన్ హాల్ల పాడేటోల్ల దిక్కు వీపు పెట్టి కూసుంటమా? చానా బండ్లకు ముందటి డోర్ల 6.5 అంగుళాలు పడుతయి, అయినా కొనే ముందు కొలుచుకోండ్రి. వెడల్పు కంటే లోతు ముఖ్యం, అద్దం పూర్తిగ దించి, స్పీకర్ పెట్టే అంచుకెళ్లి అద్దం దాక ఎంత జాగ ఉందో స్కేలు పెట్టి చూడాలె, లేకుంటే మ్యాగ్నెట్ అద్దానికి తగులుతది. కోయాక్సియల్ అంటే పెద్ద కోన్ నడుమనే ట్వీటర్, అంటే సన్న సప్పుళ్లు పాడే చిన్న స్పీకర్, ఉండేది, వైర్ ఒక్కటే, పని అల్క. కాంపోనెంట్ అంటే ట్వీటర్ యేరుగ వస్తది, మీదికి, అద్దం మూల కాడ పెట్టొచ్చు, గొంతు మోకాళ్ల కాడికెళ్లి కాకుంట డాష్‌బోర్డ్ మీదికెళ్లి వచ్చినట్టుంటది. బండికి ట్వీటర్ జాగ కంపెనీనే ఇచ్చుంటే కాంపోనెంట్ తీసుకోండ్రి. అద్దం పక్కన పిల్లర్ల కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉన్న బండ్లల్ల మాత్రం ఆ పిల్లర్‌కు బొక్కలు కొట్టనీయకుండ్రి, ఎవరు ఎంత చెప్పినా.

డబ్బ మీద మూడు అంకెలు చూడుండ్రి. ఆర్ఎంఎస్, ఓమ్స్, సెన్సిటివిటీ. ఆంప్ లేకుంట కంపెనీ స్టీరియో మీదనే నడిపేటోళ్లకు సెన్సిటివిటీ ముఖ్యం, ఒక వాట్ ఇస్తే ఎంత సప్పుడు చేస్తదన్నది గది. 3 డెసిబెల్స్ తక్కువున్న స్పీకర్‌కు అదే సప్పుడు కోసం డబుల్ పవర్ ఇయ్యాలె. అంటే 89 ఉన్న పిరం స్పీకర్ కంటే 92 ఉన్న మామూలు స్పీకర్ మన 18 వాట్స్ స్టీరియో మీద గట్టిగ పాడుతది. ఓమ్స్ అయితే 4 దే తీసుకోండ్రి, మల్టీమీటర్ పెట్టి కొలిస్తే 4 ఓమ్‌ల స్పీకర్ మూడు, మూడున్నర చూపిస్తది, భయపడకుండ్రి, గదే కరెక్టు. బ్రాండు ముచ్చటకొస్తే జేబీఎల్ మంచిదా ఇన్ఫినిటీ మంచిదా అని కౌంటర్ కాడ కొట్లాడుకుంటరు, రెండూ హార్మన్ వాళ్లవే, ఆ హార్మన్ 2017 నుంచి శాంసంగ్ వాళ్లది. పయనీర్, సోనీ, హెర్ట్జ్, మోరెల్, ఫోకల్ ఏదైనా సరే, బిల్లు వారంటీ ఉన్నది తీసుకోండ్రి, నకిలీలు మస్తు తిరుగుతున్నయి. నేనైతే హైదరాబాద్ పోయినప్పుడు కోఠి గుజరాతీ గల్లిల తిరిగి రేట్లు చూసుకొని, హన్మకొండల వాటికే బేరమాడి తీసుకున్న, నాలుగైదు వందలు ఎక్కువైనా రేపు పోతే పోయి అడిగే షాపు పక్కనుండాలె.

బండి మీదనే బోస్, హార్మన్, జేబీఎల్, సోనీ అని పేరు రాసి వచ్చిన మోడళ్లుంటయి, వాటిల్ల ఆంప్, స్పీకర్లు, ట్యూనింగ్ అంత ఒక సెట్టు, కొన్నిట్ల స్పీకర్లు 2 ఓమ్‌లు గూడ ఉంటయి, ఒక్కటి తీసి బయటి స్పీకర్ పెడితే ఉన్న సౌండ్ గూడ ఖరాబైతది. గవి ఉన్నోళ్లు డోర్ పని వరకే చేసుకోండ్రి. మారుతి బండ్ల మీద ఆర్కమిస్ అని ఉంటది చూడు, అది స్పీకర్ కంపెనీ కాదు, సాఫ్ట్‌వేర్ ట్యూనింగ్, దాని కింద స్పీకర్లు మామూలువే ఉంటయి కాబట్టి ఆ బండ్లకు స్పీకర్లు మార్చితే ఫాయిదా ఉంది.

బిగించేటప్పుడు స్పీకర్ కింద రింగు వస్తది. షాపుల ఎండీఎఫ్ చెక్కతోని కోసి ఇస్తరు, ఒక వానకాలానికి అటుకులు నానినట్టు ఉబ్బుతది. పీవీసీ ఫోమ్ బోర్డుదో, ప్లాస్టిక్‌దో అడగండ్రి. రింగు రేకుకు ఆనే కాడ ఫోమ్ టేపు, స్పీకర్ ముందు సుట్టు గూడ ఫోమ్ పట్టీ, ప్యాడ్ జాలికి ఆనేటట్టు, లేకుంటే సగం సౌండ్ ప్యాడ్ వెనుకనే తిరుగుతది. వైర్లు కోయొద్దు, కోయనీయొద్దు. మీ బండి పేరు చెప్తే స్పీకర్ కప్లర్ దొరుకుతది, వంద రెండొందలు, ఒక దిక్కు కంపెనీ సాకెట్ల గుచ్చుడు, ఇంకో దిక్కు స్పీకర్ పిన్నులకు గుచ్చుడు. కొత్త బండి అయితే వైర్ కోసినవని షోరూమోల్లు వారంటీ కాడ లొల్లి పెడతరు, కప్లర్ అయితే ఎప్పుడంటే అప్పుడు తీసేయొచ్చు.

ప్లస్ మైనస్ సంగతి. ముందుగాల చెప్పిన షాపు పని ఉంది కదా, ఆ నాలుగు స్పీకర్లల్ల కుడి ముందటిదానికి వైర్లు తిరగేసి పెట్టిన్రు. ఎడమది ముందటికి కదులుతుంటే కుడిది వెనుకకు, రెండూ ఒకదాన్నొకటి మింగినయి. మూడు నెలలు నేను బేస్ లేదు బేస్ లేదు అనుకుంట డిక్కీ ట్యూబు గుండీ పెంచుకుంట పోయిన. చెక్ చేసుడు చిన్న పిల్లలాట. గోడ గడియారంల వేసే ఒకటిన్నర వోల్టుల సెల్ తీసుకోండ్రి, స్పీకర్ వైర్ల రెండు కొసలను సెల్‌కు ఒక్క సెకను ముట్టియ్యుండ్రి. సెల్ ప్లస్‌కు తగిలిన వైరు స్పీకర్ ప్లస్‌ది అయితే కోన్ బయటికి ఉబ్బుతది, తిరగేసి ఉంటే లోపలికి పోతది. కంటికి కనవడ్తది, యేలి పెట్టి చూస్తే ఇంకా తెలుస్తది. దీనికి ముందు స్టీరియో కప్లర్ ఊడదీసి ఉండాలె, స్టీరియోకు సెల్ కరెంట్ పోవద్దు. అన్ని స్పీకర్లు ఒకే దిక్కు కదలాలె, గంతే. ఇప్పటికే ఎక్కడన్న పెట్టించుకున్నోళ్లు బ్యాలెన్స్ నడుమ పెట్టి విని, తర్వాత పూర్తిగ ఒకదిక్కు తిప్పి వినుండ్రి. ఒకదిక్కు తిప్పినప్పుడే బేస్ ఎక్కువ వస్తే మీ వైర్లు గూడ ఉల్టా ఉన్నట్టే.

సగం మందికి ఇక్కడనే సాలు, నిజంగ. పది వేల లోపల అయిపోతది. పాట మంచిగ, డోర్ మంచిగ, ముందట మంచి స్పీకర్లు. ఇక్కడ ఆగి ఓ రెండు నెలలు వినుండ్రి.

అయినా హైవే మీద 90ల పోతుంటే సరిపోత లేదంటే అప్పుడు ఆంప్. కొత్త బండ్లల్ల స్టీరియో మార్చకుండ్రి, కెమెరా, సెట్టింగ్స్, స్టీరింగ్ బటన్లు అన్నీ దాంట్లనే ఉంటయి. హై లెవల్ ఇన్‌పుట్ ఉన్న ఆంప్ తీసుకుంటే స్పీకర్ వైరుకెళ్లే సిగ్నల్ తీసుకుంటది. నాలుగు ఛానల్లది, ఒక్కో ఛానల్‌కు 50, 60 వాట్స్ ఆర్ఎంఎస్ ఉంటే మనసొంటోల్లకు సాలు. క్లాస్ డీ అయితే చిన్నగుంటది, వేడి తక్కువ, సీటు కింద పడుతది.

ఆంప్ వైరింగ్ల రెండు మూడు చోట్ల ప్రాణం ఉంది. పవర్ వైరు నేరుగ బ్యాటరీకెళ్లి రావాలె, బ్యాటరీకి ఒక మూర లోపలనే ఫ్యూజ్ ఉండాలె, ఆంప్ కాడ కాదు. ఎందుకంటే ఆ వైరు ఎక్కడన్న రేకుకు గీసుకొని తెగితే ఫ్యూజ్ ముందటి వైరంత కాలుతది, దానికి అడ్డం ఏం లేదు. ఇంజన్ దిక్కుకెళ్లి లోపలికి వచ్చే బొక్కల రబ్బరు గ్రోమెట్ లేకుంట వైరు గుంజనీయకుండ్రి. వైరు పేరుకు రాగి అని అమ్ముతరు, కొసను బ్లేడుతోని గీకి చూడుండ్రి, లోపల తెల్లగ కనవడితే అల్యూమినియం మీద రాగి పూత, దానికి ఒక సైజు పెద్దది వాడాలె, లేదంటే పూర్తి రాగిదే అడగాలె. మైనస్ వైరు మూరెడు మించకుంట, సీటు బోల్టు కాడనో దగ్గరి రేకు మీదనో పెయింట్ గీకి, తెల్లటి లోహం కనవడ్డంక బిగియ్యాలె. పెయింట్ మీదనే బిగిస్తే ఇంజన్ రేజ్ చేసినప్పుడల్ల స్పీకర్ల కుయ్యి మని సన్న సప్పుడొస్తది, రేజ్ పెంచితే అది గూడ పెరుగుతది. సిగ్నల్ వైర్లు ఒకదిక్కు, పవర్ వైరు ఇంకోదిక్కు గుంజుడు గూడ ఆ సప్పుడు కోసమే.

గెయిన్ గుండీని అందరు వాల్యూమ్ అనుకుంటరు. కాదు, స్టీరియో ఇచ్చే సిగ్నల్‌కు ఆంప్‌ను జత చేసుడు అది. స్పీకర్లు ఆంప్‌కెళ్లి ఊడదీసి, స్టీరియో వాల్యూమ్ నాలుగుల మూడొంతులు పెట్టి, 1000 హెర్ట్జ్ టోన్ ప్లే చేసి, ఆంప్ స్పీకర్ పిన్నుల మీద మల్టీమీటర్ ఏసీ వోల్టుల పెట్టి చూడాలె. 60 వాట్స్‌ను 4 ఓమ్‌లతోని గుణిస్తే 240, దాని వర్గమూలం 15.5, గంత వోల్టేజ్ వచ్చినదాక గెయిన్ తిప్పి ఆగిపోవాలె. 50 వాట్స్ ఆంప్ అయితే 14.1. పదో తరగతి లెక్కే. తర్వాత ముందటి స్పీకర్లకు హై పాస్ ఫిల్టర్ (పెట్టిన అంకె కిందున్న బేస్‌ను ఆపేది) 80 హెర్ట్జ్ కాడ పెట్టుండ్రి, డోర్ స్పీకర్‌కు ఆ కిందిది మోయరాదు, ఆ బరువు దింపితే గొంతు ఎంత సాఫ్ అయితదో మీకే తెలుస్తది.

బేస్ అన్నిటికంటే లాస్ట్. నాకు డిక్కీ కావాలె, ఊరికెళ్లి బియ్యం బస్తా, మామిడికాయలు తెచ్చుకోవాలె, అందుకే సీటు కింద పట్టే 8 అంగుళాల యాక్టివ్ సబ్ (బేస్ ఒక్కటే పాడే స్పీకర్) పెట్టిన, ఆంప్ దాంట్లనే ఉంటది. గుండె అదరదు, గని డోల్, బేస్ గిటార్ నిండుగ వినవడ్తయి. లో పాస్ (పెట్టిన అంకె పైనున్నది ఆపేది) 80 కాడ పెట్టి, లెవల్ సున్నాకెళ్లి మెల్లగ పెంచుకుంట, బేస్ ముందట డాష్‌బోర్డ్ కాడికెళ్లి వస్తున్నట్టు అనిపించిన కాడ ఆపుండ్రి. సీటు కింద నుంచి వస్తున్నదని తెలిస్తే ఎక్కువైనట్టే. సబ్‌కు ఫేజ్ స్విచ్ (కోన్ కదిలే దిక్కును తిరగేసేది) ఉంటది, 0, 180 రెండూ పెట్టి చూసి ఏది నిండుగ ఉంటే గది ఉంచుకోండ్రి. సీటు తీసేటప్పుడు కింద పచ్చ కప్లర్, అంటే పసుప్పచ్చది, కనవడితే అది ఎయిర్‌బ్యాగ్‌దో, సీట్ బెల్ట్‌దో. దాన్ని ఊడదీసి తాళం తిప్పితే మీటర్ల ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి కూసుంటది, షోరూంకు పోయి చెరిపించుకోవాలె. బ్యాటరీ తీసి, కొన్ని నిమిషాలు ఆగినంకనే సీటు ముట్టుకోండ్రి.

మీ స్టీరియోల టైమ్ అలైన్‌మెంట్ సెట్టింగ్ ఉంటే వాడుకోండ్రి, చానామందికి అది ఉన్నదని గూడ తెల్వదు. మనం కుడిదిక్కు కూసుంటం, కుడి స్పీకర్ దగ్గర, ఎడమది దూరం, అందుకే గొంతు అంత కుడి డోర్ల ఇరుక్కున్నట్టుంటది. టేపు పెట్టి చెవికెళ్లి రెండు స్పీకర్లకు దూరం కొలువుండ్రి. నాకు కుడిది 90 సెంటీమీటర్లు, ఎడమది 150. తేడా 60. సౌండ్ ఒక మిల్లీసెకనుల 34 సెంటీమీటర్లు పోతది, అంటే కుడిదాన్ని 1.75 మిల్లీసెకన్లు ఆలస్యం చేస్తే రెండూ ఒక్కసారి చెవికొస్తయి. పెట్టిన రోజు గొంతు లేచొచ్చి డాష్‌బోర్డ్ నడుమ నిలవడ్డది. పక్క సీటోల్లకు మాత్రం ఇంకా ఎడ్డిగ వినవడ్తది, మా ఆవిడ ఎక్కినప్పుడు దాన్ని ఆఫ్ చేయాల్సిందే.

ఆఖరికి గరగరలు. సౌండ్ సాఫ్ అయినకొద్ది ఇన్నాళ్లు వినవడని చిన్న చిన్న సప్పుళ్లు బయటికొస్తయి. 20 కెళ్లి 200 హెర్ట్జ్ దాక మెల్లగ ఎక్కే టోన్ ఒకటి పెట్టి, ఎక్కడ గరగరమంటే అక్కడ ఆపి, చేతితోని ఒత్తుకుంట ఎతుకాలె. నంబర్ ప్లేట్ వెనుక ఫోమ్ టేపు, డోర్ పాకెట్ల చిల్లర పైసలు తీసుడు, ప్యాడ్ క్లిప్పులకు బట్ట టేపు, సగం గీటితోనే పోతయి. నాకు ఒక్కటి మాత్రం రెండు ఆదివారాలు దొరకలె, 70 హెర్ట్జ్ కాడికి రాంగనే ముందటికెళ్లి జుయ్ మని ఈగ తిరిగినట్టు. ట్వీటర్ తీసి చూసిన, డాష్‌బోర్డ్ మూతలు పీకి చూసిన, ఏసీ జాలీలు ఒత్తి చూసిన. తీరా చూస్తే డాష్‌బోర్డ్ మీద మా అమ్మ అతికించిన సమ్మక్క సారలమ్మల చిన్న ఫోటో ఫ్రేము, దాని అద్దం. అమ్మకు చెప్పి తీసిన, అద్దం వెనుక సన్న ఫోమ్ ముక్క పెట్టి, పసుపు కుంకుమ తుడవకుంట, ఉన్న కాడనే మళ్ల అతికించిన.